ఇంకో ఏసీ కాదు, మంచం కింద మూత సంగతి చూడండి

"రియర్ ఇంజిన్ బస్సును మోటర్‌హోమ్‌గా మార్పించాం, వెనక బెడ్‌రూమ్ వేడెక్కిపోతోంది, అక్కడ ఇంకో ఏసీ పెట్టించమంటారా?" అని అడిగారు. వద్దండీ. వెనక ఇంజిన్ ఉండే బస్సులో ఆ మంచం కిందే ఇంజిన్, దాని మీద తెరిచి మూసే మూత ఉంటాయి. కన్నాలున్న గదికి ఎన్ని ఏసీలు పెట్టినా డీజిల్ దండగే.

మా బావగారు పాత టూరిస్టు బస్సు కొని, మన వైజాగ్‌లోనే ఇలా కట్టించారు. బీచ్ రోడ్డులో తిరిగినన్నాళ్లూ బానే ఉంది. అసలు సంగతి అరకు వెళ్లేటప్పుడు బయటపడింది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి చిన్న గేర్లలోనే మూలుగుతుంది. ఇంజిన్ మీద లోడు ఎక్కువ, తగిలే గాలి తక్కువ. వెనక నడుం వాల్చిన మా అత్తయ్య లేచొచ్చి, "ఏట్రా ఇది, మంచమా, అట్ల పెనమా?" అంది. పరుపెత్తి చూస్తే ప్లైవుడ్ మీద చెయ్యి ఆనలేదు. గది నిండా పొగ వాసన. కాసేపు ఆపుదామంటే ఆదివారం, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర చోటేదీ? ఫొటోల కోసం రోడ్డుకడ్డంగా కార్లు పెట్టేవాళ్ల గురించి మొదలెడితే మీ ప్రశ్న పక్కకెళ్లిపోతుంది.

ఇంటికొచ్చి, ఇంజిన్ బాగా చల్లారాక, రాత్రిపూట దాని పక్కన టార్చి వెలిగించి పెట్టి బెడ్‌రూమ్‌లో లైట్లన్నీ ఆర్పేశాం. మూత అంచు పొడవునా వెలుగు గీత! వైర్లు పైకొచ్చే చోట బొటనవేలు దూరేంత కన్నం. పరిగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు వెనక కిటికీ తీస్తే, ఇంజిన్ దగ్గరి వేడి గాలిని ఆ సందుల్లోంచి గది లాక్కుంటుంది. చల్లగాలి కోసమని అత్తయ్య తీసింది ఆ కిటికీయే.

మూతకి మందపాటి రబ్బరు బీడింగు వేసి, గట్టిగా బిగిసే క్లాంపులు పెట్టించండి. వైర్ల కన్నాల్ని మంటకు తట్టుకునే సీలెంటుతో మూయించండి. మూత అడుగున సిరామిక్ ఫైబర్ దుప్పటి, దాని కింద కాస్త ఖాళీ వదిలి అల్యూమినియం రేకు. ఆ ఖాళీ లేకపోతే రేకు వేడిని తిప్పికొట్టదు, పైకి మోస్తుంది. ఇవన్నీ బోల్టులతో బిగించాలి, ఉత్త గమ్ము ఆ వేడికి ఊడిపోతుంది. థర్మోకోల్, మామూలు ఫోమ్ పెడతానంటే ఒప్పుకోకండి, నిప్పంటుకుంటాయి. టర్బోకీ (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) సైలెన్సర్ గొట్టానికీ వేడి ఆపే చుట్టు వేయించండి. రేడియేటర్‌కి గాలొచ్చే దారి మాత్రం మూయకూడదు, ఇంజిన్ ఉడికిపోతుంది.

ఇంతా చేసి మాకు ఏసీ అక్కర్లేకపోయింది. సీలింగులో రంగులు మారే లైట్లకి విడిగా బిల్లేసిన, బస్సు బాడీ కట్టినాయనకి మూతకి నాలుగు మూరల రబ్బరు వేయాలని తోచలేదు చూడండి! ఈమధ్య బళ్లన్నీ ఇంతే, లోపల పెళ్లి మండపం, కింద బొక్కలు.

మీ గదిలో కూడా పొగ వాసన వస్తుంటే, ఇది సరిచేసేదాకా బండి నడుస్తుండగా అక్కడెవర్నీ పడుకోనివ్వకండి. వాసన లేకపోయినా ధీమా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం ఒకటి మంచం దగ్గర బిగించండి.