ఎలుకల మీద రీసెర్చ్ కి అమెరికా పంపాలా అని అడిగిన ఏలూరు అమ్మకి

ప్రశ్న: సర్, మాది ఏలూరు. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఫైనల్ ఇయర్. అమెరికాలో డీర్ మైస్ అనే అడవి ఎలుకల మీద, వాటి నుంచి వచ్చే జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఎలుకలు పట్టడానికి అంత దూరం ఎందుకని ఇంట్లో గొడవ. నాకేమో ఆ జబ్బు దానికే అంటుకుంటుందేమోనని భయం. లోన్ తీసి పంపొచ్చా?

జవాబు: అమ్మా, ముందు లోన్ సంగతి చెప్పేస్తా, ఈ ఫీల్డ్ కోసం లోన్ తీయొద్దు. కంప్యూటర్స్ ఎమ్మెస్ లాగా ఫీజు కట్టి చదివే లైన్ కాదిది. ఇలాంటి రీసెర్చ్ ఎకాలజీ కిందకి వస్తుంది, అంటే జీవులు వాటి పరిసరాల్లో ఎలా బతుకుతాయో చూసే చదువు. అక్కడ ఎకాలజీ పీహెచ్‌డీ అంటే మామూలుగా ఫీజు మాఫీ అయ్యి, క్లాసులు చెప్పినందుకో ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని చేసినందుకో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. డబ్బు కట్టించుకునే సీటు వచ్చిందంటే ఆగి నాకు ఒకసారి ఫోన్ చేయండి.

ఇక ఇంట్లో వాళ్లకి ఈ ఎలుకల కథ చెప్పండి. 1993లో న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో, యూటా కలిసే చోట, నవాజో అనే స్థానిక తెగ వాళ్లు ఉండే ప్రాంతంలో, నిన్నటిదాకా పరుగులు తీసిన కుర్రాళ్లు ఊపిరి ఆడక కొద్ది రోజుల్లోనే చనిపోయారు. వెతికితే అది డీర్ మౌస్ మోసే ఒక హాంటా వైరస్ అని తేలింది, దానికి సిన్ నాంబ్రే అని పేరు పెట్టారు, స్పానిష్ లో పేరు లేనిది అని అర్థం. ఆ ఎలుకకి మాత్రం పెద్దగా ఏం కాదు. దాని మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలిస్తే ఆ గాలి పీల్చిన మనిషికి వస్తుంది. మరి ఆ ఏడాదే ఎందుకొచ్చింది? దానికి జవాబు చెప్పింది డాక్టర్లు ఒక్కళ్లే కాదమ్మా, సెవియెటా అనే చోట అప్పటికే ఏళ్ల తరబడి ఎలుకల్ని లెక్కపెడుతున్న న్యూ మెక్సికో యూనివర్సిటీ ఎకాలజీ వాళ్లు కూడా. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వల్ల అక్కడ వానలు బాగా పడి, గడ్డి, గింజలు పెరిగి, ఎలుకలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. వాళ్ల మ్యూజియంలో ఫ్రీజ్ చేసి దాచిన పాత శాంపిల్స్ చూస్తే వైరస్ అంతకు ముందు నుంచే ఉందని కూడా తెలిసింది. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఓపిగ్గా చేసిన లెక్క అలా పనికొచ్చింది, మీ పాప చేస్తానంటున్నది ఆ పనే.

పని ఎలా ఉంటుందంటే, సాయంత్రం అల్యూమినియం బోన్లలో ఓట్స్, పీనట్ బటర్ పెట్టి, చలికి చావకుండా కొంచెం దూది వేసి, పదేసి మీటర్లు కొలిచి వరసగా పెట్టుకుంటూ పోవాలి, మోంటానా రాష్ట్రంలో ఒక్కో హెక్టారుకి 100 బోన్లు పెట్టి ఏళ్ల తరబడి ఇలాగే చేశారు. తెల్లారగానే ఎండ ఎక్కకముందే తెరవాలి. లోపల ఓ 20 గ్రాముల ప్రాణి, పెద్ద కళ్లు, తెల్లటి పొట్ట, తోక కూడా పైన ముదురు రంగు కింద తెలుపు. తూకం వేసి, ఆడో మగో చూసి, చెవికి నంబర్ ఉన్న చిన్న ట్యాగ్ పెట్టి, రక్తం చుక్క తీసి వదిలేస్తారు. ఒంటి మీద కాటు మచ్చలున్న పెద్ద మగ ఎలుకల్లో ఈ వైరస్ ఎక్కువ కనిపిస్తుంది, కొట్టుకుని కరుచుకున్నప్పుడు పాకుతుంది కాబట్టి.

మీ భయం తీసిపారేసేది కాదు. ఊపిరితిత్తుల దాకా వస్తే 100 మందిలో 35 నుంచి 40 మంది చనిపోతున్నారు, టీకా లేదు. కానీ అమెరికా మొత్తం మీద 1993 నుంచి 2022 వరకు నమోదైన హాంటా కేసులు 864 మాత్రమే. 2012లో కాలిఫోర్నియా యోసెమిటీ పార్కులో 10 మందికి సోకి ముగ్గురు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది డబుల్ గోడల టెంట్లలో దిగిన టూరిస్టులు, ఆ గోడల మధ్య ఎలుకలు గూళ్లు పెట్టాయి. రీసెర్చ్ వాళ్లు గ్లవ్స్, మాస్క్, ట్రైనింగ్ లేకుండా ముట్టుకోకూడదు. ఏ ల్యాబ్ కి అప్లై చేసినా సేఫ్టీ ట్రైనింగ్ ఎలా ఇస్తారని అడగమనండి, మొహమాటపడకూడదు.

ఇప్పుడు అసలు ప్లాన్. మూడేళ్ల బీఎస్సీతో నేరుగా అప్లై చేస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, అందుకని ఇక్కడ ఎమ్మెస్సీ చేయనివ్వండి. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లోనో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ వస్తే చాలా మంచిది, పోటీ గట్టిగానే ఉంటుంది. ఈలోపు స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి, ఆ లెక్కలు చేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే వస్తుంది, జువాలజీ పిల్లలు చాలామంది లెక్కలంటే పక్కకి తప్పుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. కారు డ్రైవింగ్ కూడా నేర్పించండి, ఆ ఫీల్డ్ సైట్లకి బస్సులు పోవు. ఇంకోటి, మన వైపు వరి పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులు ఉంటారు కదా, కలుగు చూసి ఏ ఎలుకదో చెప్పగలరు. మర్యాదగా అడిగి వాళ్ల వెంట నాలుగు రోజులు తిరిగి, చూసింది నోట్‌బుక్ లో రాసుకోమనండి. అప్లికేషన్ లో అది సొంత అనుభవంగా నిలబడుతుంది.

ఒక్క విషయం దాచను. 2025 నుంచి అమెరికాలో ప్రభుత్వ రీసెర్చ్ డబ్బుకి కోతలు పడి కొన్ని ల్యాబులు కొత్త స్టూడెంట్స్ ని తగ్గించాయి. ఎమ్మెస్సీ అయ్యేసరికి ఎలా ఉంటుందో చూసుకుని కెనడా కూడా లిస్టులో పెట్టుకోండి, డీర్ మైస్ అక్కడా ఉన్నాయి. అమెరికా కుదరకపోతే ఈ చదువు వృథా పోదు, మన దగ్గర స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాలు రెండింట్లోనూ ఎలుకల పాత్ర ఉంది, వాటి మీద పనిచేసేవాళ్లు కావాలి.

పాపని నాకు రెండు పేరాలు రాసి పంపమనండి, ఎలుకల్లో తనకి అర్థం కానిదేంటి, దాన్ని ఎలా తెలుసుకుందామనుకుంటోంది అని. ప్రొఫెసర్లకి పంపే మొదటి మెయిల్ కి అదే మొదలవుతుంది, నేను చదివి దిద్ది పంపిస్తా.