ఉరికంబం కింద అమ్మిన కాగితాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పాలమూరుల పండుగ సాయన్న కథ పాట కట్టి చెప్తరు. అమెరికాల గూడ దొంగల మీద గిసొంటి పాటలుండెనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఉన్నాయి, కానీ అచ్చులో. ఒకవైపే అచ్చేసిన పెద్ద కాగితం, చుట్టూ నల్ల బార్డరు, పైన ఉరికంబం బొమ్మ, కింద దొంగ ‘చివరి మాటలు’ పద్యాలుగా. 1773 అక్టోబరు 21న బోస్టన్‌లో లీవై ఏమ్స్ అనే ఇళ్ళ దొంగను ఉరితీస్తే అతని మీద ఇలాంటివి కుప్పలుగా వచ్చాయి. వాటిలో ‘నేను’ అనేది దొంగే, రాసింది మాత్రం వేరేవాళ్ళు. సాయన్న పాట పాడేవాడు సాయన్న పక్షం. అక్కడి పద్యం దొంగ చేత పశ్చాత్తాపం చెప్పించి, పిల్లలూ జాగ్రత్త అని ముగుస్తుంది. ఈ బాణీ పాదుకొల్పింది పాదరీలు. 1670ల నుంచే ఉరిశిక్ష రోజు చేసిన ప్రసంగాలను అక్కడ అచ్చువేసి అమ్మేవారు.

ప్రశ్న: ఉరితీసిన రోజే కాగితం చేతికి ఎట్ల అందేది? అంత జల్ది కంపోజింగ్ అయితదా?
– ప్రింటింగ్ ప్రెస్ యజమాని, నల్లగొండ

జవాబు: అంతకుముందే అయిపోయేది. తీర్పుకూ ఉరికీ మధ్య సాధారణంగా కొన్ని వారాలు దొరికేవి. ఆ లోపల పాదరీయో, వకీలో, అచ్చాఫీసు మనిషో జైలుకెళ్ళి ఖైదీ చెప్పింది రాసుకునేవాడు. ‘ఫలానా రోజు ఉరితీయబడినవాడు’ అని జరగకముందే జరిగినట్టు కంపోజ్ చేసేవారు. కాగితాన్ని ముందురోజే తడిపి బరువు కింద పెట్టాలి. గుడ్డపేలికలతో చేసిన ఆ కాగితం పొడిగా ఉంటే సిరా సమంగా పట్టదు, తడి ఎక్కువైతే అక్షరం అలుక్కుపోతుంది. చెక్క ప్రెస్ మీద ఒకడు తోలు ఉండలతో సిరా అద్దుతుంటే ఇంకొకడు పిడి లాగేవాడు. చేయి తిరిగిన జత గంటకు 200 నుంచి 250 కాగితాలు తీసేది. రాత్రి కూర్చుంటే తెల్లారేసరికి వెయ్యి దాటుతాయి.

బొమ్మ దగ్గరే కక్కుర్తి. చెక్క బ్లాకును అక్షరాల ఎత్తుకే చెక్కి, వాటితో కలిపి ఒకే ఫారంలో బిగించేవారు. కొత్తది చెక్కించాలంటే ఖర్చు, అందుకే పాతదే మళ్ళీ మళ్ళీ. ఇద్దర్ని ఉరితీసినా బొమ్మలో ఒక్కడే వేలాడుతుండొచ్చు! వాడేకొద్దీ చెక్క పగిలి అచ్చులో తెల్ల గీత పడుతుంది. ఆ గీత ఎంత పొడుగైందో చూసి, తేదీ లేని కాగితాల్లో ఏది ముందుదో ఏది తర్వాతిదో పోల్చుకుంటారు.

ప్రశ్న: టోపీ గుంజుకున్నందుకు ఒక ఆడమనిషిని ఉరితీసిన్రట, నిజమేనా?
– లా విద్యార్థిని, దేవరకొండ

జవాబు: నిజమే. రేచల్ వాల్, బోస్టన్, 1789 అక్టోబరు 8. ఆ టోపీ (బోనెట్) వెల ఎంతన్నది లెక్కలోకి రాలేదు. నడిబజారులో మనిషి మీద పడి గుంజుకుంటే అది దారిదోపిడీ, దానికి ఉరే. వారంటు మీద సంతకం గవర్నరు జాన్ హ్యాన్‌కాక్‌ది. అచ్చయిన ఒప్పుకోలులో ఆమె రేవులో ఆగిన ఓడల్లో చేసిన దొంగతనాలు ఒప్పుకుంది, ఈ ఒక్క నేరం మాత్రం చేయలేదంది. ఆమెను సముద్రపు దొంగగా చూపే కథలు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి గానీ, ఆ ఒప్పుకోలులో ఆ ముచ్చటే లేదు.

ప్రశ్న: మరి దొంగల ఒప్పుకోలు అని అచ్చేసిన ఈ పుస్తకాలను ఎంతవరకు నమ్మాలె?
– ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: ఒక్కో సంగతికి సాక్షి ఎవరో విడదీసి చూడండి. ‘కెప్టెన్ లైట్‌ఫుట్’ అని పేరుపడ్డ మైఖేల్ మార్టిన్‌ను 1821 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఉరితీశారు. మెడ్‌ఫర్డ్‌లో మేజర్ బ్రేను దోచుకున్న సంగతి కోర్టులో రుజువైంది. ఐర్లండ్‌లో ‘థండర్‌బోల్ట్’ అనే ఇంకో దొంగతో కలిసి చేశానన్న సాహసాలకు మాత్రం అతని నోటిమాటే ఆధారం, అదీ వాల్డో అనే ఆయన రాసుకున్నది. ముందు కోర్టు రికార్డు, తర్వాత అప్పటి పత్రికలు, ఆ తర్వాతే ఒప్పుకోలు. ఎవరు రాశారు, డబ్బు ఎవరికి ముట్టింది అన్నది మొదటి పేజీలోనే వెతకాలి.

నమ్మితే ఏమవుతుందో 1835లో తేలింది. జాన్ మరెల్ అనే దొంగ బానిసల తిరుగుబాటుకు పెద్ద కుట్ర పన్నాడని ఒక చిన్న పుస్తకం వచ్చింది. రాసింది అతన్ని పట్టించిన వర్జిల్ స్టీవర్ట్, అదీ మారుపేరుతో. మరెల్ అప్పటికే టెన్నెస్సీ జైల్లో ఉన్నాడు. అయినా ఆ ఎండాకాలం మిసిసిపీలో భయం రాజుకుని, బానిసలనూ కొందరు తెల్లవాళ్ళనూ కోర్టు విచారణ లేకుండానే ఉరితీశారు. అదే జులైలో విక్స్‌బర్గ్‌లో ఐదుగురు జూదగాళ్ళను మూక ఉరితీసింది.

ప్రశ్న: దొంగ చర్మంతో బైండింగ్ చేసిన పుస్తకం ఉందా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఉంది, బోస్టన్ అథీనియం గ్రంథాలయంలో. జేమ్స్ అలెన్ అనే దారిదోపిడీ దొంగ 1837లో జైల్లోనే జబ్బుతో చనిపోయాడు. తన కథను తన చర్మంతోనే బైండ్ చేయించి, ఒకప్పుడు తనను ఎదిరించిన జాన్ ఫెనోకు ఇమ్మన్నాడు. అలాగే ఇచ్చారు.