టెక్ సందేహాలు: కాంట్రాలో జంప్ ఎందుకు లేటవుతోంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం ఒకే గేమ్ చుట్టూ తిరిగాయి. కొనామీ కంపెనీ 1987లో ఆర్కేడ్ మెషీన్ల (నాణెం వేసి ఆడేవి) కోసం చేసి, 1988లో నింటెండో టీవీ గేమ్ మెషీన్లయిన ఫామికామ్‌కూ (జపాన్‌లోది) ఎన్ఈఎస్‌కూ (అమెరికాలోది) తెచ్చిన కాంట్రా అది. మన ఊళ్లలో ఆడినవాళ్లలో ఎక్కువమంది అసలు నింటెండో మెషీన్‌ని చూసి ఉండరు. ఫామికామ్‌ని కాపీ కొట్టి చేసిన క్లోన్ బాక్సులు, వాటిలో పెట్టే రంగురంగుల క్యాసెట్లే మనకు టీవీ గేమ్. ఇప్పుడు వాటిని మళ్లీ బయటికి తీస్తున్నవాళ్లకు దాదాపు అన్నిచోట్లా ఒకే ఇబ్బంది వస్తోంది కాబట్టి, మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అటక మీద పాత టీవీ గేమ్ దొరికింది. క్యాసెట్ పెడితే కాంట్రా వచ్చింది. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీకి ఏవీ వైర్లతో కలిపాం. బొమ్మ వస్తోంది కానీ, బటన్ నొక్కాక కాస్త ఆగి దూకుతున్నాడు. మొదటి స్టేజీలో వంతెన దగ్గరే లైఫ్‌లన్నీ అయిపోతున్నాయి. మెషీన్ పాడైందా, నా చేతులే మొద్దుబారాయా? (కరీంనగర్)

రెండూ కాదండి. లేటంతా మీ టీవీలో ఉంది.

పాత పిక్చర్ ట్యూబ్ టీవీ తనకు వచ్చిన సిగ్నల్‌ని వచ్చింది వచ్చినట్టే తెర మీద గీసేది. ఎల్ఈడీ టీవీ అలా చేయదు. ముందు బొమ్మను మెమరీలోకి తీసుకుంటుంది. ఫామికామ్ ఇచ్చేది 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు ఉన్న చిన్న బొమ్మ. దాన్ని మీ పెద్ద తెరకు సరిపడా సాగదీస్తుంది, అంచులు పదును పెడుతుంది, రంగులు సర్దుతుంది, అప్పుడు చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం మనకు తెలియదు, ఎందుకంటే మాట కూడా బొమ్మతో పాటే ఆగి వస్తుంది. గేమ్‌లో మాత్రం మీ వేలు ఆగదు కదా.

దీనికి తోడు ఇంకో తలనొప్పి ఉంది. మామూలు టీవీ ప్రసారంలో ఒక ఫీల్డ్‌లో (అంటే సగం బొమ్మలో) బేసి గీతలు, తర్వాతి ఫీల్డ్‌లో సరి గీతలు వస్తాయి. టీవీ ఆ రెండింటినీ కలిపి ఒక బొమ్మ చేస్తుంది. మీ పాత గేమ్ ప్రతిసారీ పూర్తి బొమ్మనే పంపుతుంది. చాలా కొత్త టీవీలు ఇది గుర్తుపట్టలేక, విడివిడి బొమ్మలు రెంటిని పట్టుకుని ఒకటిగా కుట్టేస్తాయి. ఇలా అవుతోందో లేదో కాంట్రాలో సులువుగా చూడొచ్చు. లైఫ్ పోయి కొత్త లైఫ్ మొదలైనప్పుడు మీ మనిషి కాసేపు టకటకా మెరుస్తాడు. అప్పుడు అతను పూర్తిగా మాయమైనా, ఒళ్లంతా అడ్డగీతలు కనిపించినా ఈ కుట్టుపని జరుగుతున్నట్టే.

మీరు చెప్పిన వంతెన సంగతే తీసుకోండి. మనం కాలు పెట్టగానే అది ముక్కముక్కగా పేలుతూ వస్తుంది. పేలుడు తెర మీద కనిపించేలోపే లోపల గేమ్‌లో మీ కాళ్ల కింద ముక్క పోయి ఉంటుంది. మీరు కంటితో చూసి బటన్ నొక్కుతున్నారు. అది న్యాయమైన ఆటే కాదు. ఇంత లేటుతో ఆరో స్టేజీకి, అంటే ఎనర్జీ జోన్‌లో ఆగి ఆగి వచ్చే మంటల దాకా వెళితే, ఎంత ప్రాక్టీస్ ఉన్నా కష్టమే.

ఏం చేయాలి? టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌కి వెళ్లి, ఏవీ ఇన్‌పుట్ ఆన్‌లో ఉండగానే గేమ్ మోడ్ ఎంచుకోండి. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కి విడిగా సెట్టింగ్ దాచుకుంటాయి, కాబట్టి హెచ్‌డీఎంఐలో పెట్టిన గేమ్ మోడ్ ఇక్కడ పనికిరాకపోవచ్చు. కొత్త గేమ్ మెషీన్లకైతే ఇది దానంతట అదే మారే పద్ధతి ఉంది, ఏవీ వైరుకు ఆ వసతి లేదు. తర్వాత మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్, షార్ప్‌నెస్ అన్నీ తీసేయండి. తెర నిష్పత్తి 4:3కి మార్చండి. లేటుకు దీనితో సంబంధం లేదు, కాకపోతే మనుషులు పొట్టిగా లావుగా కనిపించడం తగ్గుతుంది.

ఎంత తగ్గిందో అంచనాగా కాకుండా కొలిచి చూసుకోవచ్చు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే, మీ బొటనవేలు, టీవీ తెర రెండూ పడేలా వీడియో తీయండి. బటన్ కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి మనిషి ఎగిరిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. 24 ఫ్రేములు వచ్చాయంటే 100 మిల్లీసెకన్లు పోయినట్టు. గేమ్ మోడ్ పెట్టాక మళ్లీ తీసి పోల్చండి. ముందు మీ టీవీ ఏం చేయగలదో తెలుసుకోకుండా ఏదీ కొనవద్దు.

ముఖ్యంగా ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బీలకు దూరంగా ఉండండి. అవి టీవీ చేసే కుట్టుపనినే బయట ఇంకోసారి చేస్తాయి. టీవీకి ఏవీ ఇన్‌పుట్ అసలే లేకపోతే, బొమ్మను దాచిపెట్టకుండా గీతకు గీత రెట్టింపు చేసి పంపే రెట్రోటింక్ లాంటివి ఉన్నాయి. పని గొప్పగా చేస్తాయి కానీ ఖరీదైనవి, విదేశాల నుంచి తెప్పించుకోవాలి. నన్నడిగితే, ఇంట్లోనో చుట్టాలింట్లోనో పనిచేస్తున్న డబ్బా టీవీ ఉంటే అదే తెచ్చుకోండి. ఈ గేమ్‌కి దాన్ని మించిన తెర లేదు.

ప్రశ్న: కంప్యూటర్‌లో కాంట్రా యానివర్సరీ కలెక్షన్ కొన్నాను. గేమ్ అదే, కానీ చిన్నప్పటికంటే వేగంగా పరిగెడుతోంది. పాట కూడా తొందరగా వెళ్తోంది. నా భ్రమేనా? (హైదరాబాద్)

భ్రమ కాదు. మీకు బాగా గుర్తుంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీస్తాయి. మన దగ్గర పాల్ పద్ధతి, సెకనుకు 50. అందుకే ఇక్కడ అమ్మిన క్లోన్ బాక్సుల్లో చాలావాటిలో 50 లెక్కన నడిచే చిప్పులే ఉండేవి. కాంట్రా తన పనంతా ఫ్రేముకు ఇంత అని చేస్తుంది. పరుగు, తూటా, శత్రువు రాక, చివరికి పాటలో తాళం కూడా ఫ్రేముల లెక్కే. 60కి రాసిన గేమ్ 50 మీద నడిస్తే దాదాపు 17 శాతం నెమ్మదిస్తుంది. మీ వేళ్లు నేర్చుకున్నది ఆ నెమ్మది కాంట్రా.

కొనామీ వేగమే అసలుదని మీరు దాన్ని అలవాటు చేసుకోవచ్చు. చిన్నప్పటి వేగమే కావాలంటే మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ వంటి ఎమ్యులేటర్లలో (పాత మెషీన్‌లా కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములు) రీజియన్ సెట్టింగ్ చూడండి. అందులో డెండీ అని ఒకటి ఉంటుంది. డెండీ రష్యాలో అమ్ముడైన ఫామికామ్ క్లోన్ పేరు. 50 మీద నడిచే క్లోన్లను పోలి పనిచేసే సెట్టింగ్ అది. అది పెట్టగానే పాట విని మీరే గుర్తుపడతారు.

ప్రశ్న: 30 లైఫ్‌ల కోడ్ కొడుతున్నా 3 లైఫ్‌లే వస్తున్నాయి. (ఒంగోలు)

టైటిల్ తెర మీద, డెమో మొదలయ్యేలోపు కొట్టాలి: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ, ఆపైన స్టార్ట్. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కు ముందు సెలెక్ట్ నొక్కండి. మీది క్లోన్ ప్యాడ్ అయితే ఒక చిక్కు ఉంది. దాని మీద నాలుగు బటన్లు ఉంటాయి, వాటిలో రెండు టర్బోవి. టర్బో బటన్‌ని ఒక్కసారి నొక్కినా మెషీన్‌కి బి, బి, బి అని చాలాసార్లు వెళ్తుంది, కోడ్ చెడిపోతుంది. కోడ్‌కి మామూలు బటన్లే వాడండి. గన్ పేల్చేటప్పుడు టర్బోకి మారండి.

ఈ కోడ్ పెట్టింది కొనామీలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రేడియస్ గేమ్‌ని ఫామికామ్‌కి తెస్తున్నప్పుడు, తనకే ఆ గేమ్ దాటడం కష్టమై పరీక్షించడానికి పెట్టుకున్నారు. ఆయన 2020లో కన్నుమూశారు. ప్రపంచమంతా పిల్లలు తన కోడ్‌ని కంఠస్థం చేస్తారని అప్పట్లో ఆయన ఊహించి ఉండరు.

ప్రశ్న: అమెరికాలో కొన్న అసలు ఎన్ఈఎస్‌ని విజయవాడలో ఉన్న అక్క పిల్లల కోసం తీసుకెళ్తున్నాను. జాగ్రత్తలేమిటి? (న్యూజెర్సీ)

దాని అడాప్టర్‌ని ఇక్కడి ప్లగ్‌లో పెట్టకండి. అది 120 వోల్టులది, మన 230కి కాలిపోతుంది. ఎన్ఈఎస్‌కి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ ఇస్తారు. లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంటుంది కాబట్టి, పిన్ను సరిపోయే 9 వోల్టుల డీసీ అడాప్టర్‌తోనూ నడుస్తుంది. కనీసం 1 ఆంపియర్ ఇచ్చేది ఇక్కడే కొనండి. ఇప్పటి మన టీవీలు చాలావరకు అమెరికా సిగ్నల్‌ని కూడా చూపిస్తాయి.

ఫామికామ్, క్లోన్ల విషయంలో మాత్రం ఈ వెసులుబాటు అనుకోవద్దు. ఫామికామ్‌కి డీసీనే కావాలి, పైగా పిన్ను మధ్యలో నెగెటివ్. మన ఇళ్లలో ఉండే రౌటర్ అడాప్టర్లు దీనికి ఉల్టా. క్లోన్ అయితే బాక్స్ మీద ఉన్న ప్లస్, మైనస్ గుర్తు చూశాకే కరెంట్ ఇవ్వండి. గుర్తు చెరిగిపోతే ఎలక్ట్రానిక్స్ మెకానిక్ దగ్గర చూపించండి.

ప్రశ్న: కాంట్రా ఫైల్ నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. అంత పాత గేమ్ కదా, దించుకుంటే తప్పేంటి? (తిరుపతి)

పాతదైనంత మాత్రాన కాపీరైట్ తీరిపోలేదు. హక్కులు కొనామీవే, వాళ్లు దాన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు. 2019లో వచ్చిన యానివర్సరీ కలెక్షన్‌లో ఆర్కేడ్, అమెరికా, జపాన్ కాంట్రాలు మూడూ ఉన్నాయి. జపాన్ వెర్షన్ కోసమైనా కొనమంటాను. అందులో స్టేజీల మధ్య కథ చెప్పే బొమ్మలు, మ్యాప్ ఉంటాయి, మంచు స్టేజీలో మంచు కురుస్తుంది. అమెరికా క్యాసెట్‌లో ఇవన్నీ తీసేశారు. నింటెండో 2016లో తెచ్చిన చిన్న ఎన్ఈఎస్ క్లాసిక్ కొనబోయేవాళ్లకు ఒక మాట. దాని 30 గేముల్లో ఉన్నది సూపర్ సి, అంటే రెండో భాగం. మొదటి కాంట్రా అందులో లేదు.

ప్రశ్న: ప్యాడ్‌లో కుడి బాణం గట్టిగా నొక్కితేనే పనిచేస్తోంది. (రాజమండ్రి)

వెనక స్క్రూలు విప్పితే బటన్ల కింద రబ్బరు, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్లలు కనిపిస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో బోర్డు మీది గీతల్ని తుడవండి, బిళ్లల్ని దానితో మెల్లగా అద్దండి, రుద్దొద్దు. ఆరాక బిగించండి. క్యాసెట్ పిన్నులకూ ఇదే వైద్యం. నోటితో ఊదడం మానేయండి, ఆ తేమకు పిన్నులు తుప్పు పడతాయి.

ప్రశ్న: బాతుల్ని కాల్చే గన్ ఎల్ఈడీ టీవీలో ఒక్కసారీ తగలడం లేదు. (నిజామాబాద్)

తగలదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వస్తుంది. ఆ వెలుగు తనకు కనిపించిందా లేదా అని గన్ చూసుకుంటుంది. పిక్చర్ ట్యూబ్‌లో అయితే వెలుగు అప్పటికప్పుడే వస్తుంది. మీ టీవీలో గన్ చూడటం అయిపోయాక వస్తుంది. దీనికి డబ్బా టీవీ ఒక్కటే దారి.

ప్రశ్న: తమ్ముడూ నేనూ కలిసి ఆడుతుంటే మూడో స్టేజీలో నా మనిషి ఎవరూ కాల్చకుండానే చనిపోతున్నాడు. రెండో ప్యాడ్ పాడైందా? (ఖమ్మం)

ప్యాడ్‌కేం కాలేదు. అది జలపాతం స్టేజీ, తెర పైకి జరుగుతుంది. మీ తమ్ముడు ముందే ఎక్కేస్తే తెర అతనితో పాటు పైకి పోతుంది, మీరు నిలబడ్డ రాయి కిందికి వెళ్లిపోతుంది, మీరు తెర అడుగున పడి చనిపోతారు. ఇద్దరూ ఒక్కో రాయి ఆగి ఆగి ఎక్కండి. ఎస్ గన్ (ఒకేసారి తూటాలు నలుదిక్కులా విసిరినట్టు పేల్చేది) ఎవరి దగ్గరుంటే వాళ్లు ముందుండి పైనుంచి వచ్చేవాటిని కాలుస్తుంటే, రెండోవాళ్లు ఎక్కడానికి టైమ్ దొరుకుతుంది.