కడగకు అల్లుడా, ముందుగాల చూడు

అల్లుడా,

నువ్వు వాట్సాప్‌ల పంపిన మూడు ఫోటోలు చూసిన. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ల పాత సామాను కొన్న, ఇవేందో చెప్పు మామా అన్నవ్. చెప్తగని ఫోన్ల అయ్యే ముచ్చట కాదిది, అందుకే హన్మకొండల ఇంటికాడ తీరుబడిగ కూసొని టైప్ చేస్తున్న, నువ్వు కూడ తీరుబడిగనే చదువు.

ముందుగాల ఒక్క మాట. ఫోటోల ఆ తెల్ల గ్లాస్ లెక్క ఉన్నదాని పక్కన బకెట్, పీచు కనవడ్డయి. కడగకు. నీ దండం పెడ్త, ఇంకా కడగకపోతె అట్లనే పక్కన పెట్టు.

ఎందుకంటున్ననో చెప్త. మా నాయనమ్మ పోయినంక అటుక మీద ఒక గురిగి దొరికింది, పిడికెడంత ఉంటది, మెడకాడ ఎదురెదురుంగ రెండు చిల్లులు, లోపట నల్లగ గట్టిగ పేరుకపోయి ఉండె. అప్పుడు నాకు కాలేజీల ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ నౌకరి కొత్త, చేతికింద యాసిడ్ ఉన్నది గదా అని నీళ్లల్ల కలిపి రుద్ది రుద్ది ఎర్రగ మెరిసేటట్టు చేసిన. పండుగకు మేనత్త వచ్చి చేతిలకు తీస్కొని అడిగిన మొదటి మాట, లోపట జిడ్డుగ ఉండెనా, పొడిపొడిగ ఉండెనా, వాసన ఎట్లుండె అని. జిడ్డయితె నూనెదో మందుదో, పొడి అయితె పొరుగింట్లకెల్లి నిప్పు తెచ్చుకునేదో అన్నది. నేను చెప్పలేకపోయిన. నలభై ఏండ్లయింది, ఆ గురిగి ఇప్పటికీ అల్మారల ఉన్నది, అది దేనికి వాడిండ్రో నాకు తెల్వది, తెలుసుకునే దారి నా చేతులతోనే మూసేసిన. ఇప్పటికీ అది చూస్తె పానం కలుక్కుమంటది.

ఇగ నీ తెల్ల గ్లాస్ ముచ్చట. అది తాగే గ్లాస్ కాదు బిడ్డా. దాని మీద పూత లేదు చూడు, సుద్ద లెక్క ఉంటది, నీళ్లు పోస్తె మెల్లగ చెమట పడ్తది. తాగేదానికి ఎవలైనా అట్ల చేస్తరా? అది కరెంటు సెల్లుల, అంటె పాతకాలం బ్యాటరీల పెట్టే కుండ. నేను ల్యాబ్‌ల ఉన్నన్ని రోజులు ఇసొంటివి పిల్లల ముందట పెట్టి తీసిన, ఫోటో చూడంగనే గుర్తువట్టిన. 1836ల డేనియల్ సెల్ వచ్చింది, 1866ల లెక్లాంషే సెల్ వచ్చింది, రెండిట్ల ఈ గుల్లమట్టి కుండనే ఉంటది, లోపలి మందూ బయటి నీళ్లూ కలిసిపోవద్దు, కాని కరెంటు మాత్రం దాటాలె, అందుకే పూత ఎయ్యరు. ఒకప్పుడు టెలిగ్రాఫ్‌కు కూడ ఈ సెల్లులే.

ఇప్పుడు రెండిట్ల ఏదో ఎట్ల తెలుస్తది? మరక చెప్తది. లోపట నల్లటి పొడి అంటుకొని ఉంటె లెక్లాంషేది, దాంట్ల బొగ్గు కడ్డీ చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ కూరుతరు, బయట నవసాగరం నీళ్లుంటయి. నలుపు లేకుంట బయటిదిక్కు నీలం ఆకుపచ్చ కలిసిన మరక ఉంటె అది మైలుతుత్తం, అంటె డేనియల్‌ది. పీచుతోని ఒక్కపారి రుద్దితె ఈ రెండూ పోతయి, ఇగ చేతిల మిగిలేది ఉత్త గ్లాస్. ఒక జాగ్రత్త, మట్టి సామాను గుల్లదా కాదా అని కొందరు నాలుకతోని చూస్తరు, నువ్వట్ల చెయ్యకు, దీంట్ల యాసిడ్ వాడిండ్రో ఏమో. మరకలన్ని ఫోటో తీసుకున్నంక ఒక మూలకు ఒక్క నీటిచుక్క పెట్టు, గుటుక్కున పీల్చుకుంటది.

రెండోది, సగం మూత మూసి ముక్కున్న పింగాణీ కప్పు, దాన్ని చాయ్ కేటిల్ అనుకున్నవ్. కాదు. మంచంల పడుకున్న రోగికి గంజో పాలో తాపే కప్పు, మీదికి ఒలకొద్దని సగం మూసిండ్రు. పిడి ఎటు ఉన్నదో, ముక్కు ఎటు ఉన్నదో చూసి నువ్వే ఎవరికన్నా తాపుతున్నట్టు పట్టుకో, చేయికే అర్థమైతది. అయితె దాంట్ల ఏం తాగకు. పాత పింగాణీ పూతల సీసం ఉండొచ్చు, చింతపండు చారో తొక్కో తగిల్తె అది తిండిలకు దిగుతది. అల్మారల పెట్టుకో, సాలు.

నువ్వు ముందుముందు ఇంక కొంటవు, నాకు తెలుసు, ఈ పిచ్చి మన రక్తంల ఉన్నది. అందుకే చెప్తున్న, ఏదన్న చేతికొస్తె దాని పేరేంది అని ఉరకకు. అది ఏం పని చేసిందో చూడు. మసి ఎక్కడున్నదో చూడు, అడుగు బయట ఉంటె పొయ్యి మీదిది, లోపట ఉంటె నిప్పు దాంట్లనే పెట్టిండ్రు, కుంపటో ధూపందో అయితది. నీళ్ల కుండకైతె బయట తెల్లటి ఉప్పు పూత తేలుతది, నీళ్లు గుల్లల నుంచి బయటికొచ్చి ఆరిపోతయి, సున్నం మిగుల్తది. మెడకాడ తాడు ఒరుసుకున్న గీత ఉండి మూతి సన్నగుంటె కల్లు లొట్టి కావచ్చు. చిల్లి ఉంటె దాని అంచు మీద గోరు పెట్టి చూడు. పచ్చిమట్టి ఉన్నప్పుడే పెట్టిందయితె అంచు నున్నగ ఉంటది, లోపలి రంగు పైరంగు ఒక్కతీరుగ కాలి ఉంటది, అది కుమ్మరి కావాలని పెట్టింది. పెచ్చులు లేసి ఉంటె కాలినంక ఎవలో పొడిసింది, అంటె ఆ కుండ ఒక పనికి పుట్టి ఇంకో పనికి పోయింది. ఈ రెండో రకమే నన్ను ఎక్కువ తిప్పలు పెడ్తది, ఇష్టం కూడ అవే. గుండ్రటి అడుగు చూసి నిలవడదు పనికిరాదు అనుకోకు, మూడు రాళ్ల పొయ్యి మీద, కుదురు మీద అదే మంచిగ కూసుంటది.

పెద్దమనుషులను అడిగేటప్పుడు కూడ ఇదేంది అని అడగకు. ఇదేంది అంటె తెల్వది బిడ్డా అని పక్కన పెడ్తరు. ముసలవ్వ చేతిల పెట్టి, అవ్వా దీంట్ల ఏం పోస్తుండె అని అడిగి ఊకో. ఆమె దాన్ని ఎటు తిప్పుతదో, బొటనవేలు ఎక్కడ పెడ్తదో చూడు. నాకు సగం జవాబులు అట్లనే దొరికినయి, నోటితోని చెప్పకముందే.

ఎవడన్న పాటిగడ్డల, అంటె పాతకాలం ఊరి దిబ్బల తవ్వితె దొరికింది, కోటిలింగాలది, పెద్దబంకూరుది అని చెప్పి అమ్మవస్తె మాత్రం కొనకు. శాతవాహనుల కాలం జాగలవి, తవ్వుకపోతె అక్కడి ముచ్చట అక్కడనే చచ్చిపోతది. పైగ 1878 చట్టం ప్రకారం భూమిల దొరికిన విలువైంది కలెక్టర్‌కు చెప్పాలె, వంద ఏండ్లు దాటిన పురావస్తువు అయితె 1972 చట్టం కిందికి వస్తది, దేశం దాటించుడు నేరం. నీ అమెరికా దోస్తుకు గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నవేమో, ముందే చెప్తున్న.

ఇగ మూడోది. పుట్టగొడుగు లెక్క ఉన్న మట్టి ముద్ద, కింద బోర్ల ఉబ్బు, మీద పొట్టి పిడి. పేపర్ వెయిట్ అన్నడట దుకాణపాయన. అల్లుడా, ఆ ఫోటో చూసి నేను చానాసేపు ఏం చెయ్యలేకపోయిన. అది కుమ్మరి గుండు లెక్కనే ఉన్నది. సారె మీదికెల్లి తీసిన కుండ అడుగు మందంగ ఉంటది, లోపట గుండు పెట్టి బయట చెక్కతోని కొట్టుకుంట కొట్టుకుంట పలుచగ గుండ్రంగ చేస్తరు, అంటుకోవద్దని బూడిద చల్లుకుంటరు. మీ తాత పరకాల దిక్కు ఊళ్లె అరుగు మీద కూసొని కొడుతుంటె ఆ సప్పుడుకే నాకు తెల్లారేది. మీ అమ్మను అడుగు, ఆమెకు కూడ యాదికుంటది.

ఫోటోల ఉబ్బు మీద తెల్లటి పొర కనవడ్తున్నది. అది బూడిదనా, ఉత్త దుమ్మా అనేది చేతిల పట్టుకుంటెగని తెల్వది. దసరాకు వచ్చేటప్పుడు పాత బట్టల చుట్టి పట్కరా, తుడవకు. పిడి పక్కకు బొటనవేలు ఆనేకాడ గుంట పడ్డదో లేదో చూడాలె. మా నాయిన గుండుకు ఉండె.

మీ మామ