మెట్రో మ్యాపులు సరే, స్టేషన్ బయట రోడ్డు ఎవరిది?

మెట్రో విస్తరణ, రీజనల్ రింగ్ రోడ్డు అంటూ మళ్లీ పెద్ద పెద్ద మ్యాపులు వస్తున్నాయి, పాత ప్రాజెక్టుల నుంచి హైదరాబాద్ ఏం నేర్చుకుంది, కొత్త లైన్‌ను నమ్ముకుని ఇల్లు కొనొచ్చా అని అడిగారు. నేను ప్లానర్‌ని కాను. చందానగర్‌లో ఉంటూ ఎంఎంటీఎస్ (మామూలు రైల్వే పట్టాల మీదే నడిచే సిటీ లోకల్ రైలు) వచ్చిన కొత్తలో దాంట్లోనే ఆఫీసుకు తిరిగినవాణ్ణి, ఇప్పుడు మెట్రో కూడా ఎక్కుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. రాష్ట్రమూ రైల్వే చెరిసగం పెట్టుకున్నాయి. మొదటి దశకు అయింది సుమారు 178 కోట్లు. తర్వాత వచ్చిన మెట్రో అంచనా 14,132 కోట్లని గుర్తు పెట్టుకుంటే ఇది ఎంత చవకో అర్థమవుతుంది. పట్టాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు, బోగీలు చూసుకుంటే సరిపోయింది. మెలిక కూడా అక్కడే ఉంది. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు, లోకళ్లు అన్నీ అవే పట్టాల మీద పోవాలి. వెయ్యి కిలోమీటర్లు పోయే బండి వెనక నుంచి వస్తుంటే కంట్రోలర్ దానికే ముందు దారిస్తాడు. ఆయన పని అది, తప్పు పట్టలేం. కానీ ఆఫీసుకు వెళ్లేవాడికి కావాల్సింది ఈ బండి పోతే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుందన్న ధీమా. ఉమ్మడి పట్టాల మీద ఆ ధీమా ఇవ్వడం చాలా కష్టం.

అంతకంటే పెద్ద చిక్కు స్టేషన్ బయట ఉంది. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో పొద్దున తొమ్మిదింటికి దిగి చూడండి. సైబర్ టవర్స్ అక్కడికి దాదాపు రెండు కిలోమీటర్లు. మెట్లెక్కి బయటపడగానే షేర్ ఆటోలవాళ్లు "ఇంకొక్కరు, ఇంకొక్కరు" అని అరుస్తుంటారు. వెనక నలుగురు, డ్రైవర్‌కి చెరో పక్క ఒకరు, అయినా ఆ ఇంకొక్కరు వచ్చేదాకా బండి కదలదు. రైలు దిగిన జనం కోసమని ఆగి ఉండే బస్సు నా హయాంలో నాకైతే కనపడలేదు. తర్వాత 2019లో మెట్రో సైబర్ టవర్స్ పక్కకే వచ్చింది. దానికీ హైటెక్ సిటీ అనే పేరు పెట్టారు! ఊరి నుంచి వచ్చే చుట్టాలకు "ఏ హైటెక్ సిటీ?" అని ఫోన్లో విడమరిచి చెప్పడం మా ఇంట్లో మామూలైపోయింది.

తమాషా ఏంటంటే ఈ నగరంలో బస్సు పుట్టిందే రైల్వే చేతుల్లో. 1932లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగం కింద 27 బస్సులతో మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. అంటే రైలు, బస్సు రెండూ ఒకే గొడుగు కింద ఉన్న రోజులున్నాయి. ఇప్పుడు ఎంఎంటీఎస్ ఒకరిది, మెట్రో ఇంకొకరిది, బస్సు మరొకరిది, ఫుట్‌పాత్ మునిసిపాలిటీది, ఔటర్ రింగ్ రోడ్డు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కిందది. వీళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే సంస్థ నగరానికొకటి ఉండాలని 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఇక్కడ అది కాగితం మీదికి వచ్చింది కూడా. బడ్జెట్, రూట్లు మార్చే అధికారం మాత్రం ఎవరి దగ్గరివి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఎంఎంటీఎస్‌కూ బస్సుకూ కలిపి ఒకే పాసు ఇచ్చిన రోజులు నాకు తెలుసు. కాబట్టి కుదరని పనేమీ కాదు.

ఇక మెట్రో. ఈ కథ ఇప్పటివాళ్లకు పెద్దగా తెలీదు. 2008లో టెండర్ గెలిచిన మేటాస్ అనే నిర్మాణ కంపెనీ కూటమి, ప్రభుత్వం తనకు పైసా ఇవ్వక్కర్లేదు, తానే ఎదురు 30,311 కోట్లు ఇస్తానంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ మాత్రం ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. కంపెనీ కన్ను రైలు మీద కంటే దాంతోపాటు వచ్చే భూముల మీదే ఉందన్నది ఆయన అనుమానం. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద పరువునష్టం దావా వేస్తామని హెచ్చరించింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడింది. మేటాస్ కూడా సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానిదే. నిధులు కూడగట్టలేకపోయారు, జులైలో ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఈసారి ప్రభుత్వమే 1,458 కోట్ల దాకా సాయం ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. అదే లైన్, అదే ఊరు, మధ్యలో రెండేళ్లు. టెండర్‌లో అంకె మరీ అందంగా కనిపిస్తే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అక్కడే నిలదీయాలి.

కొత్త లెక్కలోనూ ఆదాయంలో దాదాపు సగం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి రావాలి. అవి అనుకున్నంత రాలేదు, ఆపైన కరోనా. చివరికి 2025లో రాష్ట్రమే ప్రాజెక్టును తన చేతుల్లోకి తీసుకునేందుకు ఒప్పుకుంది. నా మటుకు నాకు మెట్రో వల్ల మేలే జరిగింది. మియాపూర్‌లో ఎక్కితే ఎన్నింటికి దిగుతానో ఇంట్లో కచ్చితంగా చెప్పగలను. కానీ సిటీ రైలు జమాఖర్చులను రియల్ ఎస్టేట్‌కు కట్టేయడం బాగాలేదని నా అభిప్రాయం.

రూటు గొడవ కూడా మరిచిపోకూడదు. పనులు మొదలయ్యాక, 2014 తర్వాత, అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్ దగ్గర, పాతబస్తీలో లైన్ మార్చాలన్నారు. చాలా చర్చ జరిగాక మొదటి రెండు చోట్లా పాత రూటే ఖాయమైంది. పాతబస్తీలో ఐదున్నర కిలోమీటర్లు మాత్రం అలాగే ఆగిపోయాయి. మొదటి దశ 69 కిలోమీటర్ల దగ్గర నిలిచింది. ఫలక్‌నుమా దగ్గర మళ్లీ శంకుస్థాపన చేసింది 2024 మార్చిలో. చెన్నైలోనూ ఇంతే, వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్‌కు ఐదు కిలోమీటర్ల లైన్ అర కిలోమీటరు భూమి తగాదాతో ఏళ్ల తరబడి ఆగింది.

ఇల్లు కొనే సంగతికి వస్తాను. మా బావమరిది ఎంఎంటీఎస్ రెండో దశను చూసుకుని 2013లో గుండ్లపోచంపల్లి వైపు ఫ్లాట్ కొన్నాడు. బిల్డర్ బ్రోచర్‌లో రైలు బొమ్మ కూడా ఉంది. రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండొంతులు, రైల్వేది ఒక వంతు. ఆ వాటా డబ్బు మీద ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. మౌలాలి–సనత్‌నగర్ మధ్య రక్షణ శాఖ భూమి ఇంకో చిక్కు. మేడ్చల్‌కు రైలు 2023 ఏప్రిల్‌లో మొదలైంది. ఫ్లాట్ కొన్నప్పుడు ఏడో తరగతిలో ఉన్న వాళ్లబ్బాయి అప్పటికి ఇంజనీరింగ్ అయిపోయి బెంగళూరు వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ లైన్లో ఓ బండి తప్పితే తర్వాతి దాని కోసం చాలాసేపు చూడాలి.

అందుకని మీరు చూస్తున్న ఇంటి దగ్గర్నుంచి ఓ సోమవారం పొద్దున ఇప్పుడున్న బస్సు, ఆటోల మీదే ఆఫీసుకు వెళ్లి రండి. అది భరించగలిగితే కొనండి, రైలు వస్తే లాభమే. రైలు కోసమే ఎక్కువ రేటు అడుగుతుంటే మాత్రం, ఆ లైన్‌కు కేంద్రం అనుమతి వచ్చిందా, భూసేకరణ ఎందాకా వచ్చిందో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.