రాయగడ చుట్టూ ఉన్న కొండలు ఒకప్పటి సముద్రపు అడుగేనా?

కాదండీ. మన రాయగడ, కోరాపుట్ వైపు కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ అనే రాయి. కొత్తగా పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూడండి, ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. అది ఒకప్పటి బురద, ఇసుక భూమి లోతుల్లో విపరీతమైన వేడికి మారిపోయిన రాయి. బురద నీళ్ల కింద చేరిందే కావచ్చు, కానీ సముద్రపు పలక, అంటే సముద్రం అడుగునుండే గట్టి రాతి పలక, అది కాదు.

అసలు సముద్రపు పలకకు ఒక వరుస ఉంటుంది: పైన దిండ్లలా ఉబ్బిన బసాల్ట్ (గట్టిపడిన లావా), దాని కింద నిలువు డైకులు (పగుళ్లలో గట్టిపడిన రాతి గోడలు), ఆ కింద గాబ్రో (లోతులో నెమ్మదిగా చల్లారిన రాయి), అడుగున మ్యాంటిల్ (భూమి పై పొర కింద ఉండే మందపాటి పొర) రాయి. ఈ వరుస నేల మీద దొరికితే ఓఫియోలైట్ అంటారు. దొరకడం అరుదు. సముద్రపు పలక చల్లబడి బరువెక్కి తిరిగి మ్యాంటిల్‌లోకి దిగిపోతుంది. అందుకే పసిఫిక్‌లో అతి పాత నేలకు కూడా దాదాపు 18 కోట్ల ఏళ్లే. ఖండాలు ఢీకొన్నప్పుడు మధ్యలో ఇరుక్కున్న ముక్కలే మిగులుతాయి.

అలాంటిది చూడాలంటే దక్షిణానికి, నెల్లూరు వైపు వెళ్లాలి. అక్కడి కండ్రలో గాబ్రోలోని జిర్కాన్ అనే చిన్న ఖనిజ గింజల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి 185 కోట్ల ఏళ్లని తేల్చారు (2010). కనిగిరి దగ్గరి ముక్కలు దాదాపు 133 కోట్ల ఏళ్లవి, అంటే రెండూ ఒకే సముద్రానివి అనేయడం తొందరపాటే. కండ్ర రాళ్ల రసాయనం నడిసముద్రపు నేలను పోలదు, ఒక పలక మరోదాని కిందికి దిగే చోట పుట్టిన లావాను పోలుతుంది.