ప్రేయసిని తానే చంపుకుని పశ్చాత్తాపపడిన దేవుడి కథ గ్రీకు పురాణాల్లో ఉందా?

ఉంది. ఆ దేవుడు అపోలో. అతని పేరు చెప్పగానే, అతన్నుంచి పారిపోతూ చెట్టుగా మారిపోయిన డాఫ్నీ అందరికీ గుర్తొస్తుంది కానీ, అక్కడున్నది ఆమె దక్కలేదన్న బాధ. చేసిన పనికి కుమిలిపోవడం కొరోనిస్ కథలో కనిపిస్తుంది.

కొరోనిస్‌ది గ్రీసులోని థెస్సలీ ప్రాంతంలో ఉన్న లారిస్సా. అపోలో వల్ల గర్భవతి అయింది. ఆమె వేరొకరితో ఉందని అతని కాకి వచ్చి చెప్పింది. రోమన్ కవి ఓవిడ్ చెప్పినదాని ప్రకారం, అపోలో వెనకాముందూ ఆలోచించకుండా బాణం వేశాడు. బిడ్డ పుట్టేదాకా అయినా ఆగాల్సింది అంటూ ఆమె ప్రాణం వదిలింది. అప్పుడు మొదలైంది అసలు నరకం. బాణాన్ని, విల్లును, తన చేతినే అసహ్యించుకున్నాడు. వైద్యానికి అధిదేవత అయినా అతని మందులేవీ పనిచేయలేదు. దేవతల ముఖం కన్నీళ్లతో తడవకూడదట! అందుకే గుండె లోతుల్లోంచి మూలిగాడే తప్ప ఏడవలేకపోయాడు. చితి మంటల్లోంచి బిడ్డను బయటికి తీసి, సగం మనిషి, సగం గుర్రం అయిన గురువు కైరన్‌కు అప్పగించాడు. తర్వాత వైద్యదేవుడైన అస్క్లేపియస్ ఆ బిడ్డే.

తెల్లగా ఉండే కాకిని మాత్రం నల్లగా మార్చేశాడు. చూసింది చెప్పినందుకు దానికి శిక్ష ఏమిటో! పశ్చాత్తాపంలోనూ అహం పోలేదనే నాకనిపిస్తుంది.

అంతకు శతాబ్దాల ముందు గ్రీకు కవి పిండార్ చెప్పిన కథలో ఈ కాకి లేదు. అపోలో తనంతట తానే సంగతి తెలుసుకుని, కవల సోదరి ఆర్టెమిస్‌ను పంపి చంపిస్తాడు. అక్కడ అతని ఆరాటమంతా కొడుకు కోసమే.